ఇంటి ఆడమనిషి మాట

మార్కు ఊదగానే మిషను ఎర్రగా వెలిగింది.

ముజీబ్ దాన్ని ఓసారి విదిలించి చూశాడు. ఎరుపు పోలేదు. తలెత్తి మార్కు ముఖంలోకి చూశాడు.

"ఏంటన్నా ఇది? చర్చి గేటు ముందు నిలబడి!"

"తాగలేదు ముజీబూ. గిన్నె పుచ్చుకున్నాను. ఇప్పుడే, ఒక్క గుక్క."

"ఏం గిన్నె?"

"ప్రభు భోజనం. మొదటి ఆదివారం కదా. నల్లద్రాక్ష జాడీలో పులియబెట్టి సంఘంవాళ్ళే చేస్తారు. ఇంకా నోట్లోనే ఉంది దాని ఘాటు."

ముజీబ్‌కి నమ్మాలనే ఉంది. కానీ మిషను చూపించిన అంకె అప్పటికే స్వర్ణలత ఫోనుకి చేరిపోయింది. మిషను అలా పనిచేస్తుంది. ఊదినవాడు నోరు తుడుచుకునేలోపే మేడమ్‌కి తెలిసిపోతుంది.

తెనాలిలో యాక్టింగ్ డ్రైవర్లని పంపే ఏజెన్సీ ఆమెది. పార్టీలకి వెళ్ళి తాగినవాళ్ళని వాళ్ళ కారులోనే ఇంటికి చేర్చడం ఆ డ్రైవర్ల పని. కిందటి వారం మార్కుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆమె సూటిగా చెప్పింది.

"లైసెన్సు అందరికీ ఉంటుంది. నాకు గేర్ల బండీ ఆటోమేటిక్కూ రెండూ తోలినవాడు కావాలి. ఏళ్ళ తరబడి లారీ తోలానంటున్నావు, మంచిదే. వెనక కూర్చున్నవాడు మత్తులో నీ అమ్మనీ ఆలినీ తిడతాడు. పడగలవా?"

"పడతానండి."

"తాళం ఒకసారి నీ చేతికొచ్చాక వాళ్ళింటి ముందు కారు ఆపేదాకా తిరిగి ఇవ్వకూడదు. కాళ్ళు పట్టుకున్నా సరే. ఇక ఆఖరిది. మీ ఇంటి ఆడమనిషి నంబరు."

పాత ఓనర్ల సర్టిఫికెట్లు స్వర్ణలత చూడదు. పీడ వదిలితే చాలని ఎవడైనా రాసిస్తాడని ఆమె లెక్క. భార్యో తల్లో స్వయంగా చెప్పాలి, ఈ మనిషి తాగడని. మిషనులో రెడ్ పడినా స్వర్ణలత అడిగేది ఆ ఆడమనిషినే.

మార్కు తన భార్య కమలమ్మ నంబరు ఇచ్చాడు. అతని తాగుడు భరించలేక రేపల్లె వెళ్ళిపోయి, రొయ్యల షెడ్డులో పని చేసుకుంటోంది కమలమ్మ. అతని ఫోను ఎత్తదు. స్వర్ణలత ఫోను మాత్రం ఎత్తింది. "మానేశాడని విన్నానండి. పనిచ్చి చూడండి. నిలబెట్టుకుంటే నేనూ వస్తాను" అంది. ఆ మాట స్వర్ణలత స్పీకరులో వినిపించిన రోజునుంచి మార్కు దాన్నే తింటున్నాడు, దాన్నే కప్పుకుని పడుకుంటున్నాడు.

ఈరోజు మొదటి డ్యూటీ. బాపట్ల సముద్రం ఒడ్డున పార్టీ చేసుకుంటున్న బసవేశ్వరరావు కుటుంబాన్ని రేపల్లె చేర్చాలి. డ్రైవర్లని బైకు మీద చేర్చే ముజీబ్ అతన్ని బాపట్లలో దింపాలి. రేపల్లె! ఊరు పేరు వినగానే దేవుడే వేసిన డ్యూటీ అనుకున్నాడు మార్కు.

మార్కు ఫోను మోగింది. స్పీకరు నొక్కాడు. స్వర్ణలత.

"మేడమ్, గిన్నె అండి, చర్చిలో... ఇదిగో సంఘ పెద్ద ఇక్కడే ఉన్నారు, ఇస్తాను, అడగండి..."

"మీ పెద్దమనుషుల సాక్ష్యాలు నాకొద్దు మార్కూ. మనవాడే కదా అని ఎవరైనా చెబుతారు. ఇంటావిడని అడుగుతాను. ఆవిడ సరే అంటే సరే. ముజీబ్, నువ్వు బాపట్ల పో. గుంటూరునుంచి వేరే డ్రైవర్ని పంపిస్తున్నా. అతనొచ్చేదాకా కస్టమర్ని కదలనివ్వకు."

మార్కు గబగబా కమలమ్మకి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. పరుగున వచ్చి ముజీబ్ వెనక బైకెక్కేశాడు.

"నువ్వెక్కడికన్నా?"

"రేపల్లె పోవాలి. ముందు బాపట్ల పద."

"మా మసీదుల్లో ఈ గిన్నె గోల లేదు చూడు. పండక్కి సేమియా తాగి ఊదినా పచ్చలైటే" అన్నాడు ముజీబ్, నవ్విద్దామని. వెనక మార్కు మళ్ళీ కమలమ్మ నంబరే నొక్కుతున్నాడు.

పొన్నూరు దాటాక మార్కు బండి ఆపించాడు. "ఇప్పుడు ఊదుతాను. చూడు."

ఊదాడు. పచ్చలైటు. సున్నా.

"అల్లా! నిజమేనన్నా!" ముజీబే మేడమ్‌కి ఫోను కలిపి, సంతోషం పట్టలేక స్పీకరు పెట్టాడు.

"సున్నా పడింది, చూశాను" అంది స్వర్ణలత. గొంతు చల్లగా ఉంది. "మీ ఆవిడతో మాట్లాడాను మార్కూ. గిన్నె సంగతి చెప్పాను. ఆవిడేమందో తెలుసా? అబద్ధం అంది. తాగొచ్చి బలిపీఠం ముందు తూలావని మూడేళ్ళుగా నీకు గిన్నె ఇవ్వడమే లేదంటగా? తాగితే ఇంకో అవకాశం ఇచ్చేదాన్నేమో. దేవుడి పేరు పెట్టి అబద్ధమాడేవాణ్ణి పెట్టుకోను."

ఫోను కట్.

మార్కు రోడ్డు పక్కన కూలబడ్డాడు.

నిజమే. మూడేళ్ళు. అందరూ వరసలో మోకాళ్ళూని గిన్నె పుచ్చుకుంటుంటే అతను వెనక బల్ల మీద తలవంచుకు కూర్చునేవాడు. మొన్న శుక్రవారం పాస్టరుగారు పిలిచి, "ఈ ఆదివారం ముందుకి రా మార్కూ" అన్నారు. ఆ సంగతి కమలమ్మకి ఎవరితోనూ కబురు పంపలేదు. రేపల్లెలో కారు అప్పగించి, ఎదురుగా నిలబడి తనే చెప్పాలని దాచుకున్నాడు. దాచుకున్నదే మెడకి చుట్టుకుంది.

"పాస్టరుగారికి చెయ్యన్నా! ఆయన చెబితే వదిన నమ్ముతుంది."

చేశాడు. స్విచాఫ్. ఇంకో ఊళ్ళో ఆరాధనకి వెళ్ళిపోయారాయన.

"నేనే తోలేద్దును," అన్నాడు ముజీబ్ దిగులుగా, "కారు రాదు నాకు. లే అన్నా, లే."

బాపట్ల చేరేసరికి బసవేశ్వరరావు కారులో స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రజీరలు. వెనక సీట్లో కూతురు తనూజ, ఒళ్ళో ఆమె పసిబిడ్డ.

"నాన్నా, దిగండి, మీకు దణ్ణం పెడతాను" అంటోంది తనూజ.

"డ్రైవరు తాగొచ్చాడంట! ఇందాకే ఫోన్ చేసి చెప్పింది ఆ మేడమ్. తాగినవాడికి తాగినవాడు డ్రైవరంట! ఆమాత్రానికి నేను చాలనా?" అని నవ్వి ఇంజను స్టార్ట్ చేశాడు.

"సార్, వేరే డ్రైవరు వచ్చేస్తున్నాడండి" అని అద్దం పట్టుకుని వేలాడాడు ముజీబ్.

కారు కదిలింది. మార్కు ముందుకెళ్ళి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. కారు అతని మోకాళ్ళని తాకి ఆగింది. ఆ క్షణంలో అతనికి భయం వెయ్యలేదు. పోవడానికి ఇంకేం మిగిలింది కనక? చుట్టూ తిరిగి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపి తాళం లాక్కున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"ఇందాక తాగొచ్చాడన్నారే, వాణ్ణేనండి. ముజీబూ, మిషనివ్వు." తనూజ చూస్తుండగా ఊదాడు. పచ్చలైటు. "అమ్మా, నన్ను పనిలోంచి తీసేశారు. అయినా మిమ్మల్ని ఇంటికి చేరుస్తాను. మీ ఇష్టం."

తనూజ పచ్చలైటు వంకా తండ్రి వంకా చూసింది. "ఎక్కన్నా" అంది.

కర్లపాలెం దాకా బసవేశ్వరరావు తిట్టాడు. చెరుకుపల్లిలో తాళం ఇమ్మని ఏడ్చాడు. ఆపైన స్వర్ణలతకి ఫోను చేసి ఆమెనీ తిట్టాడు. మార్కు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. రేపల్లెలో వాళ్ళింటి ముందు కారు ఆపి, తాళం తనూజ చేతిలో పెట్టి దిగాడు.

కారు వెనకే వచ్చిన ముజీబ్ బైకు మీద కమలమ్మ ఉండే ఇంటికి వెళ్ళారు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కమలా, నేను తాగలేదు. ముజీబూ, మిషను..."

కమలమ్మ మిషనుని పక్కకి నెట్టింది. దగ్గరికొచ్చింది. ఇదివరకు రోజూ గుమ్మంలో ఆపి చేసినట్టే, అతని నోటి దగ్గర ముఖం పెట్టింది.

"ఊదు."

ఊదాడు. ఆమె వెనక్కి జరగలేదు.

"పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను" అంది. "గిన్నె అందుకుని మోకాళ్ళ మీదే ఏడ్చావంట. నాకెందుకు చెప్పలేదయ్యా?"

"ఎదురుగా చెబుదామని."

"బానే ఉంది! నా నోటితోనే నీ కూడు తీయించావు." కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోను కలిపింది. "మేడమ్, నేనండి, కమలమ్మని. పొద్దున నేను చెప్పింది తప్పండి. గిన్నె ఇచ్చిన మాట నిజం."

"ఒకే రోజు రెండు మాటలమ్మా. దేన్ని నమ్మమంటావు?"

"రేపు తెనాలి వస్తానండి. మీ ఎదురుగా నిలబడి చెబుతాను. దాన్ని నమ్మండి."

"ఆ బసవేశ్వరరావుగారు నన్ను చెవులు చిల్లులు పడేలా తిట్టాడు" అంది స్వర్ణలత. "ఎంత అడిగినా తాళం ఇవ్వలేదంట మీ ఆయన. రండి. ఇద్దరూ రండి. మాట మాత్రం ఇవ్వను."

కమలమ్మ ఫోను పెట్టేసింది. మార్కు ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. పొద్దున రైలుకి సంచి సర్దుకోవాలంటూ లోపలికి నడిచింది. తలుపు వెయ్యలేదు.