బొటనవేలి గుంట

తాడు ముందుకు లాగినప్పుడు ఉలి ఆనించాలి, వెనక్కి లాగినప్పుడు ఎత్తాలి. ఇది తెలియక కాదు, మరిచిపోయి పెంచల్ తప్పు చేస్తున్నాడు. అల్ రాయ్‌లో సోఫా కాళ్ళు తీసే కార్ఖానాలో ఏళ్ళ తరబడి లేతు మిషనుకు అలవాటుపడిన చేతులాయె. మిషను ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది, అలగదు. ఇక్కడ చెక్కను తిప్పే తాడు లాగుతున్నది అతని భార్య వెంకటేశ్వరి.

ఆగస్టులో ఇరాక్ సిపాయిలు దేశాన్ని ఆక్రమించి కార్ఖానా మోటార్లు ఊడబెరుక్కుని పోయారు. పెంచల్ ఉలులను మాత్రం బియ్యం సంచిలో దాచుకుని, రుమైథియాలో వెంకటేశ్వరి పనిచేసే ఇంటికి వచ్చిపడ్డాడు. ఆ ఇంటి వాకిట్లోనే రెండు మేకులు ఎదురెదురుగా బిగించి, కడప దగ్గర వాళ్ళ నాయన వాడినటువంటి, తాడుతో తిప్పే తరిమెన కట్టాడు. వాళ్ళ ఇళ్ళలో మొగుడు ఉలి పట్టాలి, పెళ్ళాం తాడు లాగాలి. పెళ్ళయిన కొత్తలో మంచం కోళ్ళు ఇట్లాగే తీసేవాళ్ళు, పోట్లాడుకుంటూ.

మధ్యాహ్నం తెలిసిన డ్రైవరు పీర్ సాహెబ్ పికప్పు తెస్తాడు. అమ్మాన్ పోయే బస్సుల దగ్గర దింపుతాడు, అక్కడినుంచి విమానం. మళ్ళీ బస్సులు ఉంటాయో ఉండవో ఎవరికీ తెలియదు. వెంకటేశ్వరి ఇంకా మూట కట్టలేదు. ఇంటి యజమానురాలికి, వెంకటేశ్వరి మామా అని పిలిచే ముసలామెకు, మోకాళ్ళు పట్టేశాయి, వెంకటేశ్వరి భుజం పట్టుకోనిదే గడప దాటదు. కొడుకులు లండన్‌లో చిక్కుకుపోయారు. పక్కవీధిలోని మామా చెల్లెలు అన్నం తెస్తానంది, రాత్రిళ్ళు తోడు పడుకుంటానంది, కానీ ఆవిడా ముసలిదే. మామా తనంతట తాను గేటు దాకా నడిస్తేనే వస్తాను, లేకుంటే నువ్వు పో అని వెంకటేశ్వరి తేల్చి చెప్పింది. భార్యను ఇక్కడ వదిలి పోవడమంటే పెంచల్‌కు ప్రాణం పోయినట్టే. ఆ మాట అనలేక, చేతికర్ర చేస్తానన్నాడు.

బజారు మూతబడింది. దొరికిన కర్ర ఈ వాకిట్లోని రేగు దుంగ ఒక్కటే. మామా పెనిమిటి నాటిన చెట్టది. పుచ్చిపోయి గోడమీదికి ఒరిగితే ఎండలకు ముందే కొట్టించారు. గేటు పక్కన మొదలు పీటలా మిగిలింది. దుంగ నడుమంతా పుచ్చే. చుట్టూ ఉన్న గట్టి చెక్కను చీల్చి పెంచల్ నిన్ననే కాడ చెక్కాడు. పిడి కోసమని కోసిన ముక్కలు మాత్రం పుచ్చు తగిలి ఒకటొకటే విరిగాయి. ఇప్పుడు మేకుల మధ్య తిరుగుతున్నది చివరిది.

గుండ్రంగా వచ్చేసిందని సంబరపడి ఉలి ఎత్తడం మరిచాడు. వెనక్కి తిరిగిన చెక్కలో ఉలి దిగబడి, పుచ్చు పెళ్ళగా లేచిపోయింది. పిడి మీద పెద్ద గుంట.

"ఉలి ఎత్తాల్నని తెలీదా నీకు?" అంది వెంకటేశ్వరి.

"నువ్వట్ల బిర్రుగా లాగితే ఎట్లమే?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచం కోడు పాడైనప్పుడల్లా అనుకున్న మాటలే. ముందు ఆమె నవ్వింది, తర్వాత అతను.

పిడి విరగలేదు. పెంచల్ చాకుమొనతో పుచ్చంతా తోడాడు. అడుగున ఎర్రటి గట్టి చెక్క తగిలింది. గరుకు కాగితంతో రుద్ది, కాడకు బిగించి, కుర్చీలో కూర్చుని తమాషా చూస్తున్న మామా చేతికిచ్చాడు. ఆమె పట్టుకోగానే బొటనవేలు తిన్నగా ఆ గుంటలోకి దిగి కూర్చుంది. కొలత తీసి చేసినా అంత బాగా కుదిరేది కాదు.

పికప్పు హారన్ మోగింది. మామా లేచింది. వెంకటేశ్వరి అలవాటుకొద్దీ భుజం వంచితే ఎడమచేత్తో తోసేసింది. కర్ర పోటేసుకుంటూ, పళ్ళు బిగించి, గేటు దాకా నడిచింది.

"ఖలాస్. యల్లా, మీ ఇంటికి పో," అంది.

వెంకటేశ్వరి చీరలు రెండు మూటకట్టుకుని వచ్చింది. మామా చెయ్యి కళ్ళకద్దుకుని పికప్పు వెనక ఎక్కింది. తన భుజం అంత బెరీన బరువైపోయిందా అని సణుగుతూ ముక్కు తుడుచుకుంది. పెంచల్‌కు మాత్రం సంతోషం పట్టలేనంతగా ఉంది.

మలుపు దగ్గర ఇద్దరూ వెనక్కి చూశారు. చెల్లెలు గిన్నె పట్టుకుని అటే వస్తోంది. మామా లోపలికి పోలేదు.

"సూడు, రెండు సేతులూ ఊపుతాంది," అని వెంకటేశ్వరి నవ్వింది.

పెంచల్ కూడా చెయ్యి ఊపాడు. ఆ నాలుగడుగులకే మామా సత్తువంతా అయిపోయిందని అతనికి అర్థమైంది. ఆమె రేగు మొదలు మీద కూర్చుని ఉంది. పక్కనే మొదలుకు ఆనించిన కర్ర, పిడిలోని గుంట పైకి తిరిగి.