వీపు మీద తెల్ల చెయ్యి

ఆడవాళ్ళ వీపులు చదవడంలో మా ఊళ్ళో యులాలీని మించినవాళ్ళు లేరు. ఫాదర్ గారికి బైబిలైనా అంత బాగా రాదు.

ఏటా మొదటి మంచు పడగానే కొండ మీద పౌడరు రాయి తవ్వే టాల్కు క్వారీ మూసేస్తారు. ఆ తర్వాత వచ్చే ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక మేయరు ఆఫీసు హాల్లో డాన్సు. ఆడవాళ్ళమంతా నల్ల గౌన్లు వేసుకుంటాం. తలుపు దగ్గర చెక్క తొట్టి నిండా టాల్కు పొడి పోసి ఉంచుతారు. ఎంతటి మగాడైనా లోపలికొస్తూ కుడిచెయ్యి అందులో ముంచాల్సిందే. చెమట చేతులతో మా మంచి బట్టలు పాడుచేయకూడదని ఎప్పుడో మొదలుపెట్టారట. ఇప్పుడా సంగతి ఎవరికీ పట్టదు. సాయంత్రానికి ప్రతి నల్ల వీపు మీదా తెల్లగా చేతి ముద్రలు పడతాయి. ఎవరు ఎవరితో ఆడారో, ఎన్ని పాటలకు ఆడారో యులాలీ గోడవార కుర్చీలో కూర్చుని చదివేస్తుంది.

"మార్సెలీన్, ఇలా తిరుగు. ఈ లావు చెయ్యి రొట్టెల దుకాణం వాడిది. దీని పక్కన ఈ సన్నవేళ్ళు... ఓసినీ, బడిపంతులే! ఎంత కిందకి జారిందో చూశావా ఆ చెయ్యి! పిల్లకాయలకి చెప్పేది ఇదేనా?"

చలికాలమంతా పొయ్యిల దగ్గర కూర్చుని చెప్పుకోవడానికి ఆ ఒక్క మధ్యాహ్నం చాలు. ఒకే చెయ్యి ఒకే వీపు మీద పదేపదే పడిందంటే వసంతంలో పెళ్ళి ఉందన్నమాట. అలా పడ్డాక కాదన్న మగాడు మా ఊళ్ళో లేడు.

నా వీపు మీదా ముద్రలు పడేవి. చిన్నాన్న కొడుకులవి, తాతల వయసువాళ్ళవి, అయ్యో పాపం అని ఒక్క పాటకు పిలిచేవాళ్ళవి. నాకు ముప్పై దాటాయి, ఆ మాత్రం జాలి నాకూ తెలుస్తుంది. నాకు కావలసింది ఒకే ఒక్క చెయ్యి, అది మాత్రం ఎప్పుడూ పడలేదు.

ఆ చెయ్యి బజీల్‌ది. రాయిని కిందకు దింపే రోప్‌వే దగ్గర బకెట్లు నింపి పంపే పని అతనిది. పక్క లోయలో వాళ్ళమ్మ దగ్గర ఉంటాడు, క్వారీ తెరిచినప్పుడు వస్తాడు, మూసినప్పుడు వెళ్ళిపోతాడు. వచ్చిన మొదటి ఏడే కుడిచెయ్యి బకెట్‌కీ తీగకీ మధ్య పడింది. నడిమి వేళ్ళు రెండూ పోయాయి. బొటనవేలు, చూపుడువేలు, చిటికెన వేలు మిగిలాయి. ఆ చెయ్యి ఎవరి వీపు మీద పడినా చదవడానికి యులాలీ అక్కర్లేదు, చూపు ఆనని మా అమ్మ కూడా చెప్పేస్తుంది. అందుకే అతను డాన్సుకే రాడు. ఒకసారి నేనే అడిగాను, ఎందుకు రావని.

"నేను ఆడితే దండోరా వేయించినట్టేనండీ. ఆ అమ్మాయి మొహం ఎలా ఎత్తుకుంటుంది?" అన్నాడు.

వేయించవయ్యా మహానుభావా, అందామనుకున్నాను. నా నోరు చిన్నదేమీ కాదు, ఫోర్‌మన్ని కూడా కడిగేస్తాను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నాలుక మడతపడింది.

మా పని రాయి ఏరడం. క్వారీ అంచున రేకుల షెడ్డులో పొడుగాటి బల్ల, దానికి రెండు వైపులా మేము. మా రాయి బలపం కన్నా మెత్తన. గోటితో గీస్తే గీత పడుతుంది, గట్టిగా పట్టుకుంటే తడి సబ్బులా చేతిలోంచి జారుతుంది. తెల్లది ఒక గుట్ట, బూడిదరంగుది ఒక గుట్ట. తెల్లది పారిస్ దొరసానుల బుగ్గలకీ పసిపిల్లల పిర్రలకీ పోతుంది, బూడిదది కాగితానికీ రబ్బరుకీ. మా ఇళ్ళలో తలుపు కిర్రుమన్నా ఆ పొడే, బల్లగుడ్డ మీద నూనె ఒలికినా ఆ పొడే, కొత్త బూటు కాలికెక్కకపోయినా ఆ పొడే. పొయ్యి మీది క్యాబేజీ పులుసులో కూడా ఇంత పడే ఉంటుంది. కనుబొమలు ఎంత కడిగినా తెల్లగానే ఉంటాయి.

షెడ్డు కిటికీలోంచి రోప్‌వే కనిపిస్తుంది. నా చోటు అక్కడే. ఆ చోటు కోసం నేను ఇద్దరితో పోట్లాడాను.

"ఏమే సిడోనీ, ఆ రాయినట్లా నిమురుతున్నావేంటే? అది టాల్కే, బజీల్ కాదు" అనేది యులాలీ.

"నీ పని నువ్వు చూసుకో అక్కా. నీ గుట్టలో బూడిదది పడింది."

"పడితే పడింది. నీలాగా కళ్ళు కిటికీకి అప్పగించి ఏరుతున్నానా నేను?"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇంకా దొరికిపోతాను కదా.

క్వారీ నడిచే రోజుల్లో ఫరవాలేదు. ఎదురుపడితే టోపీ తీస్తాడు, "బాగున్నారా సిడోనీ గారూ" అంటాడు. ఆ ఒక్క పలకరింపుతో రెండు రోజులు గడిపేదాన్ని. చలికాలమే చంపేది. అతను ఆ లోయలో, నేను ఈ లోయలో, మధ్యన మంచు. ఊరంతా బంగాళాదుంపలు వేయడానికి మంచు ఎప్పుడు కరుగుతుందా అని చూసేది, నేను మాత్రం ఆ టోపీ కోసం చూసేదాన్ని.

ఆ ఏడు అక్టోబరు చివర ఒక ఉదయం అతనే షెడ్డులోకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. నా ఎదురుగా నిలబడి టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. బల్ల చుట్టూ రాళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"వచ్చే ఏడు నేను రానండీ" అన్నాడు.

"ఎక్కడికి రావు?"

"ఇక్కడికే. తూలూజ్ పట్నంలో మా బావగారు రబ్బరు ఫ్యాక్టరీలో పని చూశారు. డాక్టర్లు తొడుక్కునే గ్లవ్స్ చేస్తారట. అతుక్కుపోకుండా వాటికి మన పొడే చల్లుతారట. అమ్మని ముందే అక్కడికి పంపేశాను."

"అయితే మా బస్తాలు నీ దగ్గరికే వస్తాయన్నమాట. వాటి అదృష్టం బాగుంది."

అతను తన బూట్లు చూసుకున్నాడు. నేను నా రాయి చూసుకున్నాను. చేతిలో ఉన్నది తెల్లదో బూడిదదో తెలియడం లేదు.

"డాన్సు నాటికైనా ఉంటావా, లేకపోతే ముందే వెళ్ళిపోతావా?"

"ఆ రోజు సాయంత్రం బస్సుకి వెళ్ళాలండీ." "ఈసారి డాన్సుకి వస్తాను. మీకు అభ్యంతరం లేకపోతే... ఒక్క పాటకి."

"ఉంటే అప్పుడు చెప్తాలే" అన్నాను. ఎవరి గొంతో పెట్టుకుని మాట్లాడినట్టుంది.

అతను వెళ్ళాక తెల్లరాళ్ళు బూడిద గుట్టలోకీ, బూడిదవి తెల్ల గుట్టలోకీ విసిరాను. యులాలీ వంగి ఒక్కొక్కటే తీసి సరైన చోట పెట్టింది. ఆమె ఎగతాళి చేయకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మంచు త్వరగానే పడింది. మూటలు కట్టుకుని కిందకు దిగిపోయాం. ఆదివారం ఉదయం ప్రార్థనలో నేను దేవుణ్ణి ఏమడిగానో ఆయనకే తెలుసు, ఫాదర్ గారికి తెలిస్తే చర్చిలోకి రానివ్వరు. ఇంటికొచ్చి నల్ల గౌను ఇస్త్రీ చేసుకున్నాను. వీపు మీద మడత లేకుండా చేయడానికి ఎంతసేపు పట్టిందో. జుట్టు పైకెత్తి ముడి వేశాను, ఒక్క పాయ కూడా వీపు మీద పడకుండా.

"శాలువా కప్పుకోవే, బయట గడ్డకట్టేస్తోంది" అంది అమ్మ.

"వద్దు."

"న్యుమోనియా వచ్చి పోతావు."

"రానీ. రేపు వస్తుందిగా, ఇవాళ కాదుగా."

హాల్లో అప్పటికే అకార్డియన్ వాయించడం మొదలైంది. బూట్లు జారడానికి నేల మీద పొడి చల్లారు, పిల్లలు దాని మీద జారి పడుతున్నారు. నన్ను ఇద్దరు ముగ్గురు పిలిచారు. కాలు నొప్పి అన్నాను. నా వీపు మీద మొదట పడే చెయ్యి ఇంకొకడిది కావడం నాకిష్టం లేదు.

బజీల్ వచ్చేసరికి నాలుగు కావస్తోంది. నల్లకోటు, గీసిన గడ్డం. నేరుగా నా దగ్గరికి వచ్చి తల వంచాడు. హాలు మొత్తం మమ్మల్నే చూస్తోంది. నేను లేచాను, కాలునొప్పి ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. అతని ఎడమచెయ్యి నా చేతిని పట్టుకుంది. కుడిచెయ్యి నా వీపు మీదికి వెళ్ళింది.

చెయ్యి తగలలేదు. మధ్యలో ఏదో ఉంది. నాలుగు మడతలు పెట్టిన చేతిరుమాలు.

అప్పుడు చూశాను. అతని చేతులు గోళ్ళదాకా తోమి తోమి ఎర్రగా ఉన్నాయి. ఆరేళ్ళలో ఆ చేతుల్ని పొడి లేకుండా నేను చూడలేదు. అతను తొట్టి దాటుకుని వచ్చేశాడు, అందులో చెయ్యి ముంచలేదు.

"తొట్టి కనపడలేదా నీకు?" అన్నాను.

"కనపడిందండీ."

"మరి?"

"నేను ఇవాళ వెళ్ళిపోతాను. ఇక్కడుండేది మీరు. నా చెయ్యి మీ వీపు మీద ఉంటే చలికాలమంతా మాటలు పడేది మీరు. అంత అన్యాయం చేయలేనండీ."

పడనీ, అందుకేగా వచ్చాను, చలికాలమంతా ఆ మాటలే నాకు అన్నంగా పెట్టకూడదా అని అరవాలనిపించింది. ఏళ్ళ తరబడి ఎవరి మీద ఇంత ఆశ పెట్టుకున్నానో ఆ మనిషి చేతుల్లో ఉన్నాను. ఆ మంచితనాన్ని తన్నాలనిపించింది, అంతలోనే దానికే మనసు కరిగిపోయింది. ఏం చెయ్యను, పాట అయ్యేదాకా తిరిగాను. అతని కోటు సబ్బు వాసన వేసింది.

పాట అయ్యాక తల వంచి, "సెలవండీ సిడోనీ గారూ, ఆరోగ్యం జాగ్రత్త" అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు.

యులాలీ నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. వీపు మీద చేత్తో తడిమింది కూడా, కళ్ళను నమ్మలేనట్టు.

"ఏమీ లేదే" అంది. "ఒసేయ్ సిడోనీ, ఏమీ లేదే నీ మీద."

చాలామంది విన్నారు. ఎవరూ నవ్వలేదు. జాలిపడ్డారు, అది నాకింకా మంట. శుభ్రంగా ఉన్న నా వీపును చూసి వాళ్ళు ఏమనుకుంటారో తెలుసు: ఒక్క పాట మర్యాదకి ఆడాడు, అంతే. ఊళ్ళో ఆ మాటే నిలిచిపోతుంది. అతనేమో నాకు మేలు చేశాననుకుని తూలూజ్‌లో బతికేస్తాడు. నాకేం కావాలో నేను చెప్పలేదు, అతనికి తెలియలేదు.

ఆడవాళ్ళు ఆ తొట్టిలో చెయ్యి పెట్టడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. నేను మణికట్టుదాకా ముంచాను. అకార్డియన్ వాడు పాట మధ్యలో ఆపేశాడు.

"సిడోనీ! ఏం పనే అది?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఊరుకోండర్రా, పోనివ్వండి దాన్ని" అంది యులాలీ.

శాలువా లేదు, మంచులో బూట్లు జారుతున్నాయి. చర్చి ముందు బస్సు ఆగి ఉంది. డ్రైవరు బ్యాగులు పైకెక్కిస్తున్నాడు. చుట్టాల్ని సాగనంపడానికి వచ్చినవాళ్ళు, హాల్లోంచి నా వెనకే పరుగెత్తుకొచ్చినవాళ్ళు, అంతా అక్కడే. బజీల్ ఒక కాలు మెట్టు మీద పెట్టి ఉన్నాడు, వీపు ఇటువైపు.

ఆ నల్లకోటు నడిమధ్యన నా చెయ్యి పెట్టాను. ఐదు వేళ్ళూ విడదీసి, అరచెయ్యి మొత్తం ఆనించి, గట్టిగా. కోటు కింద అతని ఊపిరి ఆగడం నా చేతికి తెలిసింది. తీయాలనిపించలేదు. ఇంకాసేపు ఉంచాను, ఎవరేమనుకున్నా సరే అని.

అతను తల మాత్రం తిప్పాడు. కళ్ళు నా చేతి మీద, నా మణికట్టు మీద, నా మొహం మీద పడ్డాయి.

"సిడోనీ గారూ... నా కోటు..."

"దులుపుకోకు" అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. బజీల్ లోపలికి వెళ్ళాడు. అతను నడుస్తుంటే బస్సులో జనం తలలు తిప్పి చూశారు. నా చెయ్యి తెల్లగా అతని వీపు మీద, దండోరా వేసినట్టే. వెనక అద్దానికి దగ్గర్లో ఖాళీ సీటు దొరికింది.

బస్సు కదిలింది. అందరూ ఇళ్ళకు మళ్ళుతున్నారు, నేను నిలబడే ఉన్నాను. వెనక అద్దంలోంచి అతను కనిపిస్తున్నాడు. పక్కనున్నవాళ్ళంతా సీట్లకు చేరగిలబడ్డారు. అతను ఆనుకోలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, వీపుకీ సీటుకీ మధ్య జానెడు ఎడం ఉంచి, నిటారుగా కూర్చున్నాడు. నది పక్క గతుకుల దగ్గర బస్సు ఊగింది. అప్పుడూ ఆనుకోలేదు. మలుపు తిరిగేదాకా చూశాను, అలాగే ఉన్నాడు.

మలుపు దాటాక బస్సు కనపడలేదు. తూలూజ్ చాలా దూరం. అంత దూరం ఒక మనిషి వెనక్కి ఆనుకోకుండా కూర్చోగలడా అని ఆ చలికాలమంతా అనుకుంటూనే ఉన్నాను.