చిప్ప జరిగిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం తెరల బట్టలమ్మే వ్యాపారి చేతిలో ఉన్నవి రెండే: ఒక మీటరు బద్ద, నీలం బట్ట తాను తాలూకు ఒక కొస. రెండో కొస కూతురి చేతిలో ఉంది. మధ్యలో బట్ట గాలికి లేచి, కొట్టంతా నీళ్ల అడుగున ఉన్నట్టు వెలుగు ఊగుతోంది. ఆ వెలుగులో పిల్ల పాదం కదపకుండానే గిర్రున తిరిగింది.

టప్‌మని చిన్న చప్పుడు. ఆమె కూలబడింది. నీలం బట్ట తీరిగ్గా ఆమె మీదికి వాలింది.

వ్యాపారి బట్ట తొలగించి చూశాడు. మోకాలు సగం వంగి బిగుసుకుపోయింది. చిప్ప బయటివైపుకు గుబ్బలా పొడుచుకొచ్చి, ఉండాల్సిన చోట పల్లం పడింది.

వంకరపోయిన బట్టను కొస పట్టి ఒక్క విదిలింపుతో సరిచేయడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. తెలియకుండానే చేతులు ఆమె చీలమండను పట్టుకున్నాయి.

"బావా, వదులు. అది బట్ట తాను కాదు," అన్నాడు వెనక గదిలోంచి వచ్చిన బావమరిది. ఆ కొట్లో కుట్టుపని అతనిదే.

"ఒక్క లాగు లాగితే..."

"నాకలాగే లాగారు. లోపల ఎముక పెచ్చు లేచింది. ఇప్పటికీ నా చిప్ప చెప్పాపెట్టకుండా షికారుకెళ్తుంది. కాలిమిషను మానేసి కరెంటు మిషను పెట్టింది సోకుకనుకున్నావా?"

"నాన్నా, బేరాలు కొట్లో ఆడుకో. నా కాలితో వద్దు," అంది కూతురు పళ్ల బిగువున.

ఆయన వదిలేశాడు. వంగిన కాలు వంగినట్టే ఉంచి, చుట్టూ బట్ట మడతలు పేర్చి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, సరుకు బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టరమ్మ ముందు కాలివేళ్లకు స్పర్శ ఉందో లేదో చూసింది. నొప్పి తగ్గే మందిచ్చింది. ఒక చేత్తో కాలు మెల్లగా చాపుతూ, రెండో చేతి బొటనవేలితో చిప్పను లోపలికి నెట్టింది. అది నిద్రలో ఒత్తిగిలినట్టు తన చోటికి జరిగింది.

"ఇంతకుముందు ఎవరైనా లాగారా?"

"లేదండీ. లాగబోయాను."

"మంచిపని చేశారు, అక్కడే ఆగారు."

ఎక్స్‌రేలో ఎముక చెక్కుచెదరలేదు. కొన్ని వారాలు మోకాలికి పట్టీ, ఆపైన తొడ కండకు బలమొచ్చే కసరత్తులు. పిల్ల గొణుగుతూనే అన్నీ చేసింది.

ఒక పొద్దున కొట్టు మెట్ల దగ్గర నిలబడింది. తండ్రి చేయి చాపబోయి, వెనక్కి తీసుకున్నాడు.

చివరికి లెక్క చూసుకుంటే ఆయనకు దక్కిన లాభం మూడు మెట్లు. మూడూ ఆమె ఒక్కతే ఎక్కింది.