పింఛం ఫోను, తోతాపురి లోడు

హరినాథ్ మీద మునిరత్నానికి ఉన్న కోపం మామూలు కోపం కాదు. మోసం చేసినవాడి మీద కోపమైతే ఊళ్లో నలుగురికీ చెప్పుకోవచ్చు, పెద్దమనుషుల్లో పెట్టొచ్చు, ఏమీ చేతకాకపోతే వాడి అంగడి ముందు నిలబడి తిట్టైనా రావచ్చు. హరినాథ్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. చెప్పిందంతా నిజమే చెప్పి మనిషిని ముంచాడు. అట్లాంటివాణ్ని ఏమని తిట్టాలో మునిరత్నానికి ఇప్పటికీ తెలియదు.

హరినాథ్ అతని తోడల్లుడే. భార్య చెంగమ్మ చెల్లెలి మొగుడు. చిత్తూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. మునిరత్నం ఏడో తరగతిలోనే పలక పారేసి తోటలోకి దిగినవాడు. బంగారుపాళ్యం పక్కన మూడున్నర ఎకరాల తోతాపురి మామిడి తోట ఉంది. వయసు నలభై తొమ్మిది. చదువుకున్నవాళ్లంతా తనను ముంచడానికే చదువుకున్నారని అతని నమ్మకం. ఆ నమ్మకం ఉండి కూడా చిత్తూరు పోయినప్పుడల్లా తోడల్లుడి అంగడిలో కూర్చుని టీ తాగేవాడు.

మార్చిలో ఒకరోజు అట్లా కూర్చుని ఉండగా హరినాథ్ ఒక ఫోను తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

"అన్నా, లోకంలో ఫోన్లకుండేది రెండే ప్రాణాలు. ఆండ్రాయిడ్ ఒకటి, ఐఫోనుది ఒకటి. పైన ఏ కంపెనీ పేరన్నా ఉండనీ, లోపలుండేది ఆ రెంట్లో ఒకటే. ఇప్పుడు మూడోది వచ్చింది. మనోళ్లు చేసినారు. పేరు పింఛం."

"పేరు ఒకటి, ప్రాణం ఒకటా? నాకు అర్థం కాల్యా."

"మామిడి అంటు మాదిరే అనుకోన్నా. వేరు నాటుది. పైన కట్టింది తోతాపురి. కాయ దేన్ది?"

"కట్టిందాన్దే."

"ఇదీ అంతే. డబ్బా ఎవురిదైనా, పైన కట్టిందాన్ని బట్టే కాయ."

మామిడి భాషలో చెబితే మునిరత్నానికి ఏదైనా అర్థమవుతుంది. అర్థమైందంటే కొనేసినట్టే. అదే అతని జబ్బు. అయినా గుడ్డిగా కొనలేదు. గంటసేపు అడిగాడు.

"ఊరికూరికే అడ్వర్టయిజుమెంట్లు వస్తాయా దీంట్లో?"

"రావు."

"అప్పు ఇస్తామని సంపుతారే, వాళ్లు?"

"అట్లాంటి యాప్‌లను లోపలికే రానీదు."

"బ్యాటరీ?"

"మూడు దినాలు. నీలాగ తోటలో ఉండేవాళ్లకి నాలుగు."

"అన్నీ ఉండాయా దీంట్లో?"

"ముఖ్యమైనవన్నీ ఉండాయన్నా. మిగతావి ఒక్కొక్కటే వస్తా ఉండాయి."

ఈ చివరి మాట మునిరత్నం విన్నాడు. వినలేదని చెప్పడానికి లేదు.

ఆరోజే ఇంకో మాట కూడా అయింది. బంగారుపాళ్యం చుట్టుపక్కల అమ్మడానికి ఒక మనిషి కావాలి. పది ఫోన్లు ఒకేసారి తీసుకుంటే ఒక్కోటి పదకొండున్నర వేలు. పన్నెండున్నరకు అమ్ముకోవచ్చు. మునిరత్నం ఇంటికొచ్చి చెంగమ్మ గొలుసూ గాజులూ బ్యాంకులో పెట్టి లక్షా పదిహేను వేలు తీసుకుపోయి కట్టాడు. తన పాత ఆండ్రాయిడ్ ఫోనును కూడా ఆ అంగట్లోనే వదిలేసి, దానికి బదులు తనకొక పింఛం తెచ్చుకున్నాడు.

ఎందుకు వదిలేశాడంటే అది మండీ పద్ధతి. కాయ అమ్ముకునేవాడు కొనేవాడికి ముక్క కోసి ఇచ్చే ముందు తానొక ముక్క తినాలి. తన కుప్పలోది తాను తిననివాడి దగ్గర ఎవరూ ఆగరు. ముప్పై ఏళ్లుగా మునిరత్నం ఎన్ని పుల్లకాయలు మొహం మారకుండా తిన్నాడో లెక్కలేదు. పింఛం అమ్మాలంటే పింఛమే వాడాలి, ఇంకోటి చేత్తో తాకకూడదు అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. అతనే అనుకున్నాడు.

అమ్మకానికి ముందు నాగులమ్మ టీ కొట్టు దగ్గర మూడు ఫోన్లనూ బెంచీ మీద వరసగా పెట్టి తూకం వేశారు. పక్క తోట సుబ్బన్నది ఆండ్రాయిడ్. తిరుపతిలో ఫైనాన్సు ఆఫీసులో పనిచేసే మునిచంద్రది ఐఫోను. ఇంకా పదకొండు కంతులు కట్టాల్సి ఉంది కాబట్టి అతను దాన్ని బెంచీ మీద నేరుగా పెట్టలేదు, కింద రుమాలు పరిచాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనిపిస్తుందా అని చూశారు. మూడూ కనిపించాయి. మామిడి సొన అంటిన వేలితో నొక్కితే పనిచేస్తుందా అని చూశారు. పింఛం పనిచేసింది. ఆండ్రాయిడ్ ఎవరికో ఫోను చేసింది. ఐఫోను ఆ పోటీలో పాల్గొనలేదు, మునిచంద్ర ఒప్పుకోలేదు.

"సొన పూస్తే నా కంతులు నువ్వు కడతావా మామా?" అన్నాడు.

తర్వాత మాట్లాడించారు. "రేపు వాన పడతాదా?" అని సుబ్బన్న మూడింటినీ గట్టిగా అడిగాడు. ఆండ్రాయిడ్ వానపాములు ఎట్లా పెంచాలో చెప్పింది. ఐఫోను ఇంగ్లీషులో ఏదో అంది. పింఛం మాత్రం "నాకు తెలియదు" అంది.

"సూసినావా," అన్నాడు మునిరత్నం. "తెలీదని ఒప్పుకున్న ఫోను ఇదొక్కటే."

"తెలీదని చెప్పేదానికి ఫోనెందుకప్పా, నా పెండ్లాం ఉండాది," అన్నాడు సుబ్బన్న.

ఫోటో పోటీలో ఐఫోను గెలిచింది. దాంట్లో నాగులమ్మ పదేళ్లు చిన్నగా పడింది. ఆమె ఓటు దానికే. కానీ ధర విన్నాక ఆ ఓటు వెనక్కి తీసుకుంది.

చివరికి మునిరత్నమే తీర్పు చెప్పాడు. ఆండ్రాయిడ్ సంత. దొరకని వస్తువు లేదు, జేబు మాత్రం పట్టుకుని నడవాలి. ఐఫోను బంగారు అంగడి. అన్నీ మెరుస్తుంటాయి, మనం ఎందుకొచ్చామా అనిపిస్తుంది. పింఛం కొత్తగా కట్టిన ఇల్లు. గాలీ వెలుతురూ బాగున్నాయి, సామాను ఇంకా దిగాలి.

ఆ నెలలో ఏడు ఫోన్లు అమ్ముడుపోయాయి. సుబ్బన్న కూడా ఒకటి కొన్నాడు. కొని పాతదాన్ని అల్లుడికిచ్చాడు. వచ్చిన డబ్బు మందులకూ కూలీలకూ సరిపోయింది. మే నెలంతా మునిరత్నం తల కాస్త ఎత్తుకుని నడిచాడు. ఏడో తరగతి చదివినవాడు ఏడు ఫోన్లు అమ్మాడు.

జూన్ చివర్లో జ్యూస్ ఫ్యాక్టరీ గేటుకు కాగితం అంటించారు. ఏటా రైతులు ట్రాక్టర్లతో పోయి చీటీలు తీసుకునేవాళ్లు, తోపులాటలయ్యేవి, ఒకరినొకరు కొట్టుకునేవాళ్లు. ఈ ఏడాది చీటీలు లేవు. ఫ్యాక్టరీ యాప్‌లో పొలం పాసుబుక్కు నంబరు కొట్టి టోకెను తీసుకోవాలి. టోకెను ఉన్న బండే గేటు దాటుతుంది. కిలో ఎనిమిది రూపాయలు.

మునిరత్నం పింఛంలో వెతికాడు. ఆ యాప్ బొమ్మ కనిపించింది. దాని కింద "త్వరలో" అని రాసి ఉంది.

హరినాథ్‌కు ఫోను చేశాడు. మాట మాత్రం స్పష్టంగా వినిపించింది, ఆ విషయంలో పింఛానికి వంక పెట్టలేం.

"కంపెనీకి రాసినానన్నా. ఫ్యాక్టరీవోళ్లు ఆండ్రాయిడ్‌కి, ఐఫోనుకి చేసినారు. దీనికి గూడా చేస్తా ఉండారంట."

"ఎప్పటికి వస్తాది?"

"నీకాడ అబద్ధం చెప్పలేనన్నా. తెలీదు."

కాయ పక్వానికొచ్చింది. రాలడం మొదలైంది. కోసిన తోతాపురి మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ట్రాలీలో ఎండకు పడితే అదీ ఆగదు. చెంగమ్మ తన ఫోను తెచ్చి మొగుడి ముందు పెట్టింది. అది పగిలిన ఆండ్రాయిడ్, మూలలో ప్లాస్టరు వేసి ఉంది.

"దీంట్లో తీస్తాను టోకెను."

"వొద్దు మే."

"ఏమయ్యా, నీ చేత్తో తాకబాక. నేనే తీస్తాను."

"నేనే ఇంకోదాంట్లో తీస్తే, కొన్న ఏడుమందీ ఏమంటారు? వీడి కాయ వీడే తినలేకపోయెనే అంటారు. మిగిలిన మూడు ఎవురు కొంటారు? ఆ ఏడూ తెచ్చి మొగాన కొడితే యాడ పెట్టుకుంటావు?"

"ఏడు ఫోన్లు అటక మీద పెట్టుకోవచ్చు. ఐదు టన్నుల కాయ యాడ పెడతావు?"

మునిరత్నం చెప్పులేసుకున్నాడు. ట్రాక్టరు మాట్లాడడానికి పోయాడు. రోజుకు పదిహేను వందలు బాడుగ.

సోమవారం పొద్దున లోడుతో పోయి హైవే పక్క వరసలో నిలబడ్డాడు. అతని లెక్క ఒకటే. గేటు దగ్గర ఉండేది కూడా మనిషే. పాసుబుక్కు చూపిస్తే నంబరు రాసుకుంటాడు. అప్పుడు, పింఛం పట్టుకునే లోపలికి పోయినానని ఏడుమందికీ చెప్పుకోవచ్చు.

మధ్యాహ్నానికి గేటు దగ్గరికొచ్చాడు. గేటు మనిషి, తమిళనాడు పళ్ళిపట్టు వైపువాడు, చెయ్యి చాపాడు.

"టోకెన్ కాట్టు... సూపించు."

మునిరత్నం పింఛం చూపించాడు. గేటు మనిషి దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఫోన్ బాగుండాది. టోకెన్ యాడ?"

"దీంట్లో ఆ యాప్ ఇంకా రాల్యా. పాసుబుక్కు ఉండాది. రాసుకోప్పా."

"రాసేదానికి పెన్నే ఇయ్యలేదప్పా నాకు. అది స్కాన్ కొడితేనే గేటు లేస్తాది. నేను లేపినా లేవదు. పక్కకు పెట్టు బండి."

బండి పక్కకు పెట్టాడు. ఆ రోజు గడిచింది. ట్రాలీ కింది వరసల్లోంచి రసం కారడం మొదలైంది. ఈగలు వచ్చాయి.

మంగళవారం మధ్యాహ్నం చెంగమ్మ బస్సు దిగింది. చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో ఫోను. మొగుడు అన్నం తింటుండగా ఫోను తెరిచి అతని ముందు పెట్టింది. పాసుబుక్కు నంబరు, మునిరత్నం పేరు, కింద నలుపూ తెలుపూ గళ్ల బొమ్మ. సాయంత్రం ఆరు దాకా చెల్లుతుంది.

"నిన్న రేత్రే తీసినాను. తిట్టుకో. ఆరులోగా గేటుకాడ సూపించు."

మునిరత్నం వెనక్కి చూశాడు. నాలుగు బండ్ల వెనక సుబ్బన్న ట్రాక్టరు మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. పింఛం కొన్న ఏడుమందిలో ఒకడు. ఈడ గేటు దగ్గర చెంగమ్మ ఫోను ఎత్తితే సాయంత్రానికి నాగులమ్మ కొట్టులో అదే మాట.

"లోపల పెట్టు దాన్ని," అన్నాడు.

"ఎవురి కోసరమయ్యా?"

"పెట్టమన్నా గదా."

ఐదు గంటలకు సుబ్బన్న దిగి నడుచుకుంటూ వచ్చాడు. ట్రాలీ కింద మడుగు చూశాడు, చెంగమ్మ మొహం చూశాడు.

"ఏమప్పా, రెండు దినాలుగా ఈడనే ఉండావంట. టోకెన్ లేదా?"

"నీకెట్ల వచ్చె? నీదీ పింఛమే గదా."

"అల్లుడి ఫోన్లో తీసినా. ఏడుమందీ అంతే, కొడుకుదో కూతురుదో. నువ్వు గూడా చెంగమ్మ ఫోన్లో తీసుంటావనే అనుకున్యామే! దాంట్లో తప్పేముండాది?"

మునిరత్నం తువ్వాలు తీసి ట్రాలీ మీద ఈగలు తోలాడు. ఇంత సులభంగా అన్నవాడి ముందు ఇప్పుడు చెంగమ్మ ఫోను ఎత్తితే, రెండు రోజులు ఎందుకు నిలబడినట్టు? మొదటి రోజు ఎత్తి ఉంటే తప్పు లేదు. ఇప్పుడెత్తితే తెలివితక్కువతనం బయటపడుతుంది. ఆ గంటసేపూ అతను దీన్నే ఆలోచిస్తూ కూర్చున్నాడు. సుబ్బన్న బండి స్కాన్ కొట్టించుకుని లోపలికి పోయింది. ఆరైంది. చెంగమ్మ ఫోనులో గళ్ల బొమ్మ బూడిదరంగులోకి మారింది. ఆమె క్యారియరు సర్దుకుని బస్సెక్కింది. ఎక్కేముందు ఒక మాట అంది.

"నీ మర్యాదను ఎనిమిది రూపాయలకు గూడా కొనేవాడు లేడయ్యా."

బుధవారం కాయ పగిలింది. జ్యూసు బండ్లవాళ్లు కూడా వద్దన్నారు. ట్రాలీని తోటకే తీసుకుపోయి చెట్ల కింద దించేశాడు. చెట్లకు ఎరువైంది. అవి పండించిందాన్ని అవే తిన్నాయి.

తర్వాతి వారం ఏడుమందీ కలిసి ఫోన్లు తెచ్చి అరుగు మీద పెట్టారు. గొడవ చేయలేదు, మర్యాదగానే కూర్చున్నారు. సుబ్బన్నే మాట్లాడాడు.

"నీ కాయ నువ్వే తిన్యావు మునిరత్నం, కాదనేవాడు లేడు. నొప్పి గూడా నీకే వచ్చింది. అది సూసినంక మేమెట్ల తినేది?"

హరినాథ్ ఫోన్లు వెనక్కి తీసుకోలేదు. అమ్మిన సరుకు వాపసు లేదని అంగట్లో బోర్డు ఉంది. ఆ బోర్డు మార్చిలో కూడా ఉంది, మునిరత్నం దాని కిందే కూర్చుని టీ తాగాడు. పాత ఆండ్రాయిడ్ అడిగితే, అది ఏప్రిల్‌లోనే ఎవరికో అమ్మేశానని చెప్పాడు. అదీ నిజమే.

ఆగస్టు పదకొండున పింఛానికి అప్‌డేట్ వచ్చింది. ఫ్యాక్టరీ యాప్ దిగింది. మునిరత్నం తెరిచి చూశాడు. ఆండ్రాయిడ్ కన్నా తొందరగా తెరుచుకుంది. అక్షరాలు పెద్దవిగా, తెలుగులో ఉన్నాయి, కళ్లద్దాలు లేకుండా చదవొచ్చు. "ఈ సీజన్ టోకెన్లు ముగిసినవి" అని ఉంది. మంచి ఫోను. అందులో సందేహం లేదు.

బ్యాంకులో గొలుసు విడిపించాలి, ఏడుమందికి డబ్బులు తిరిగివ్వాలి. అటక మీద పది ఫోన్లున్నాయి, అడిగేవాడు లేడు. అప్పటికి మునిరత్నం పోగొట్టుకున్నది ఫోన్లకు లక్షా పదిహేను వేలు, కాయకు నలభై వేలు, ట్రాక్టరు బాడుగ నాలుగున్నర వేలు, మొత్తం లక్షా యాభై తొమ్మిది వేల ఐదువందలు. సెంటు పదహారు వేల చొప్పున, తోటలో తూర్పు గట్టు వెంబడి సుబ్బన్న పొలానికి ఆనుకుని ఉన్న భూమి సుబ్బన్నకే రాసిచ్చాడు. పది సెంట్లు, నాలుగు చెట్లు.