వెనక మూడు వరుసల ఓట్లు

పేటలో ఆమెని అందరూ చీటీలక్క అంటారు. మూడు నెలలకోసారి ఆదివారం మధ్యాహ్నం జనం టికెట్లు కొనుక్కుని కమ్యూనిటీ హాల్లో చేరతారు. నలుగురు లేచి పేటకి ఏం కావాలో చెబుతారు. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే టికెట్ల డబ్బంతా ఆ పనికి. ఓటు చీటీలు పంచేది, పెట్టెలో వేయించేది, లెక్కపెట్టి మైకులో చదివేది ఆరేళ్ళుగా ఆమే. లెక్కకి ముప్పావుగంట పట్టేది. ఈలోగా సగం జనం ఇళ్ళకి పోయేవారు, మిగతా సగం ఆవలించేవారు. అయినా ఆమె మైకు ముందు గొంతు సవరించుకుంటే హాలు నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దం కోసమే ఆమె మూడు నెలలూ ఎదురుచూసేది.

ఆ పనికి ఎసరు పెట్టింది బయటివాళ్ళెవరూ కాదు, సొంత తోడికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు. ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చేస్తుంది. గొంతు పెంచదు, చాడీలు చెప్పదు, కూరలో ఉప్పెక్కువైనా బాగుందంటూ తింటుంది. తప్పుపట్టడానికి సందివ్వని మనిషితో ఒకే ఇంట్లో ఉండటం ఎంత నరకమో చీటీలక్కనే అడగాలి.

కమిటీ పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు, ఓట్లు ఫోన్లో వేయించొచ్చా అని ఆ పిల్లని అడిగాడు. వారంలో తయారుచేసేసింది. తెర మీద ఒక గళ్ళ బొమ్మ. దానికి ఫోను చూపిస్తే నాలుగు పేర్లు వస్తాయి. ఒకటి నొక్కితే సరి, ఎవరికెన్నో తెర మీద అప్పటికప్పుడు పడుతుంది. మాస్టారు మురిసిపోయాడు. చీటీలక్క కడుపు భగ్గుమంది.

శుక్రవారం వంటింట్లో చిన్నకోడలు అడిగింది. "అక్కా, హాల్లో సిగ్నల్ అంతటా వస్తుందా? మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు కదా."

వెనక మూడు వరుసలు బాల్కనీ కింద, మందపాటి గోడ పక్కన ఉంటాయి. అక్కడ ఫోను మోగనే మోగదు. ఆరేళ్ళుగా ఆమెకది తెలుసు.

"ఆ, దివ్యంగా వస్తుంది" అంది చీటీలక్క, కూర కలుపుతూ.

ఆదివారం హాలు నిండింది. డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చిన బస్సు డ్రైవర్లూ, వాళ్ళ ఇంటివాళ్ళూ ఎప్పటిలాగే వెనక కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు ఆసుపత్రి ముందున్న బస్టాపుకి నీడా, రెండు బల్లలూ కావాలని చెప్పాడు. "రోగులు ఎండలో నిలబడి నా బస్సు కోసం చూస్తుంటే నాకు సిగ్గుగా ఉంటుందండీ" అన్నాడు. ఈత నేర్పే టీచరు పిల్లలకి తేలే పలకలు కావాలంది. మిగతా ఇద్దరూ ఏదో చెప్పారు.

ఓట్లు మొదలయ్యాయి. తెర మీద రంగుల గీతలు పెరుగుతుంటే జనం ఈలలు వేశారు. ఆరేళ్ళలో తన చీటీలకి ఒక్కడూ ఈల వేయలేదు. చీటీలక్క కళ్ళల్లో ఎవరో కారం కొట్టినట్టయింది.

టీచరుకి నలభై ఒకటి, బస్టాపుకి ముప్పై ఎనిమిది. చప్పట్లు కొట్టబోతుంటే మాస్టారు చెయ్యెత్తాడు. "ఆగండాగండి. అమ్మిన టికెట్లు నూట ఇరవై నాలుగు. నాలుగు పేర్లకీ కలిపి ఓట్లు తొంభై మూడే!"

"మా ఫోన్లలో చక్రం తిరుగుతూనే ఉంది!" అని వెనకనుంచి అరిచారు. "ఈ తిప్పలన్నీ ఎందుకు, చీటీలక్క పెట్టె నయం" అన్నారెవరో. అవునవునని నలుగురు తలలూపారు.

ఎన్ని రోజులుగానో వినాలనుకున్న మాట అది. తీరా వినేసరికి ఆమె నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. చిన్నకోడలు మైకు తీసుకుంది. ఇక తన పేరు బయటపడుతుందని చీటీలక్క తేలు కుట్టిన దొంగలా బిగుసుకుంది.

"తప్పు నాదేనండీ. ముందే వచ్చి చూసుకోవాల్సింది" అంది ఆ పిల్ల. అంతే. వంటింటి మాట ఊసే ఎత్తలేదు.

చీటీలక్కకి ఒళ్ళు మండిపోయింది. అన్నిట్లోనూ తనని మించింది చాలక, మంచితనంలో కూడా ఇదే గెలవాలా? నలుగురి ముందూ తనని కాపాడి, జన్మంతా తన నెత్తిన ఆ రుణం మోయించాలా? ఆ ఉక్రోషంతోనే లేచి, స్టేజెక్కి, మైకు లాక్కుంది.

"ఆ పిల్ల నన్నడిగింది. వెనక సిగ్నల్ రాదని తెలిసీ వస్తుందని చెప్పాను. అబద్ధమాడింది నేను!"

హాలు నిశ్శబ్దమైపోయింది. ఇలాంటి నిశ్శబ్దం మాత్రం ఆమె ఏనాడూ కోరుకోలేదు. బస్సు డ్రైవరు ఆమెకేసి చూసి తల దించుకున్నాడు.

మాస్టారు నోరు తెరిచేలోపు చిన్నకోడలే చెప్పింది. "వెనకవాళ్ళందరూ స్టేజి దగ్గరికొచ్చి నొక్కండి. ఇక్కడ బాగా వస్తుంది."

వచ్చారు, నొక్కారు. బస్టాపు గెలిచింది. పెట్టె అవసరం ఎవరికీ పడలేదు.

జనం వెళ్ళాక ఇద్దరూ కుర్చీలు మడుస్తున్నారు. చిన్నకోడలు తలెత్తకుండానే అంది, "నాకు మీమీద పిచ్చి కోపంగా ఉందక్కా. నాలుగు రోజులు నాతో మాట్లాడకండి."

ఆ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ముక్కు కూడా చీదింది. ఇన్నేళ్ళలో చీటీలక్క ఆమెని ఇంత దగ్గరగా చూసింది లేదు.

"అయిదు రోజులు కోపంగా ఉండు" అంది చీటీలక్క. "నేను చేసినదానికి నాలుగేం సరిపోతాయి?"