కుడి మూల

"ఇంకొంచెం పైకెత్తక్కా. ఆ... అక్కడే. కదలకు."

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అక్క పేపరును రెండంగుళాలు పైకెత్తింది. దాంతో ఆమె మొహం పూర్తిగా వార్తల వెనక్కి వెళ్ళిపోయింది. ఇక పైన నెరిసిన పాపిట, పేపరుకి రెండు వైపులా వేళ్ళ కొసలు, కింద మోకాళ్ళు మిగిలాయి. ఆమె తమ్ముడు, అద్దాల మేస్త్రి, మూడుకాళ్ళ స్టాండు మీదున్న కెమెరాకి కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాడు. తర్వాత వెనకనున్న చిన్న తెర మీద ఫోటోని పెద్దది చేసి ఒక్కొక్క మూలకీ జరిపి చూశాడు. పై ఎడమ మూలలో అక్షరాలు సూదితో పొడిచినట్టున్నాయి. కింది ఎడమ మూల బాగుంది. మధ్యలో చెప్పనక్కర్లేదు, కాగితం పీచు కూడా కనిపిస్తోంది. కుడి వైపుకి వచ్చేసరికి అక్షరాలు నీళ్ళలో నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి.

"మళ్ళీ అదే!" అని నుదురు కొట్టుకున్నాడు.

ఆ ఇంట్లో పొద్దున్న ఏడు నుంచి ఏడున్నర దాకా మాత్రమే మంచి వెలుగు ఉంటుంది. ఎదుటి భవనం గోడ మీద పడిన ఎండ తిరిగొచ్చి ఆ కుర్చీ మీద మెత్తగా వాలుతుంది. గోడకి మేకు కొడితే ఇంటి యజమాని ఒప్పుకోడు. అంటిద్దామంటే ఆ గోడ సున్నం పొరలు పొరలుగా లేచి ఉంది. అందుకని ఎన్నో ఏళ్ళుగా అక్క పేపరు లోపలి పేజీ చదువుతుంటే తమ్ముడు బయటి పేజీని ఫోటో తీస్తాడు. ఒక్క పేపరు ఇద్దరికీ సరిపోయే ఇల్లు అది.

"ఏంట్రా, కుదర్లేదా?" అంది అక్క పేపరు దించుతూ.

"కుడి మూల పోయింది. నువ్వు కదిలావా?"

"నేనెక్కడ కదిలాన్రా? దగ్గొస్తే కూడా మింగేశాను. పేపరే ఈమధ్య బరువెక్కింది."

"పేపరు బరువెక్కడమేంటి?"

"వార్తలు ఎక్కువయ్యాయేమో."

ఇంకో రోజైతే నవ్వేవాడే. ఇవాళ నవ్వే స్థితిలో లేడు. ఈ లెన్స్ వెనక్కి ఇవ్వడానికి ఇవాళే ఆఖరి రోజు. ఇదే రకంలో ఇది మూడోది. మొదటిది కుడి మూల మసకని వెనక్కిచ్చాడు. రెండోదీ కుడి మూలే. మూడోదాని డబ్బా విప్పినప్పుడు దానికి దండం పెట్టినంత పని చేశాడు. అది కూడా అదే మూలలో అదే వేషం వేసింది.

"పోనీ, ఆ మూల వదిలేసి తీయకూడదూ? నా మొహం మధ్యలోనేగా ఉంటుంది!" అంది అక్క.

"నీకర్థం కాదులే. ఒక్క పేపరు తిన్నగా పట్టుకోమంటే వంద కబుర్లు చెప్తావు."

అక్క కుడి చేత్తో పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది, అదే చేత్తో టీ గ్లాసు అందుకుంది. కెమెరాని సంచిలో సర్దుతున్న మేస్త్రి అది చూశాడు, కానీ చూసినట్టు అతనికే తెలియదు.

అక్క అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మానాన్నలు ఏడాది తేడాలో పోతే, కుట్టుమిషను తొక్కి అతన్ని పెంచింది. తన పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే "వీడు ఒక దారిన పడనీ" అనేది. వాడు దారిన పడ్డాడు. ఇరవయ్యారేళ్ళుగా ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు, వీధంతా అద్దాల మేస్త్రి అంటుంది. అప్పటికి అక్క పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు అయిపోయారు.

పదకొండేళ్ళ కిందట పాత కెమెరా ఒకటి కొన్నాడు. కొన్న మర్నాడే అక్కను ఈ కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశాడు. ఆమె మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, నవ్వాలా వద్దా అని పదిసార్లు అడిగి కూర్చుంది. తీరా చూస్తే ఫోటోలో కళ్ళు మసకగా వచ్చాయి. రోజంతా జనాలకి కళ్ళు తేటపరిచే మనిషికి అది తల కొట్టేసినట్టయింది. "ఈ లెన్స్ నీకు పనికిరాదక్కా. మంచిది కొన్నాక తీస్తా. గోడకి పెట్టుకునేట్టు తీస్తా," అన్నాడు.

అప్పటినుంచి కొంటూనే ఉన్నాడు. ఒకదానికి రంగుల అంచు, ఒకదానికి ఎండలో చారలు, ఒకదానికి లోపల దుమ్ము కణం. పుర్రెకో బుద్ధి అని నవ్వినవాళ్ళతో ఇది పెట్టుబడి అని వాదించేవాడు. మంచి అద్దానికి వయసుండదు, ధర పడదు, బంగారంలాంటిది అనేవాడు. బీరువాలో అక్క బట్టలుండే అర కూడా లెన్సులకే పోయింది. వాటి మధ్య తేమ పీల్చే పొట్లాలు పెట్టి, వానాకాలంలో పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఏ లెన్స్ అయినా ముందు పేపరు పరీక్ష నెగ్గాలి, తర్వాతే అక్క మొహం. పదకొండేళ్ళలో ఒక్కటీ నెగ్గలేదు.

మూడు నెలల కిందట అక్క కుట్టుపని ఆపేసింది. "కుట్టు వంకర పోతోందిరా, గుడ్డ నిలవట్లేదు," అంది. వెంటనే దుకాణానికి తీసుకెళ్ళి, కళ్ళు పరీక్ష చేయించి, కొత్త అద్దాలు తనే అరగదీసి పెట్టాడు. అవి పెట్టుకున్నాక కూడా కుట్టు వంకరే పోయింది. "అలవాటవుతుందిలే," అన్నాడు మేస్త్రి. అతని లెక్కలో లోకంలో ఏది సరిగా లేకపోయినా తప్పు అద్దానిదే.

ఆ రోజు దుకాణంలో ఏ పనీ చేతికి తిన్నగా రాలేదు. ఒక అద్దం అంచు ఎక్కువ అరిగి ఫ్రేములో గలగలమంది. టీ చల్లారిపోయింది. పదకొండున్నరకి ఒక పెద్దాయన కొత్త జోడు పెట్టుకుని రెండడుగులు వేసి, తూలి, బల్ల పట్టుకున్నాడు.

"నేల పైకి లేస్తోందయ్యా!" అన్నాడు.

దుకాణం యజమాని జోడు తీసుకుని చూసి మేస్త్రిని లోపలికి పిలిచాడు. "ఏమయ్యా, కుడిది ఎడమలో, ఎడమది కుడిలో బిగించావు. ఇరవయ్యారేళ్ళలో ఎప్పుడైనా ఇలా చేశావా? ఒంట్లో బాగుందా?"

మేస్త్రి తల దించుకుని జోడు తీసుకున్నాడు. పనిలో చేరిన మొదటి రోజు ముసలి మేస్త్రి నెత్తిన మొట్టికాయ వేసి మరీ నేర్పిన పాఠం అది. 'ఎదుటి మనిషి కుడి నీకు ఎడమ. ఇది మర్చిపోయినవాడు ఈ గదిలో పనికిరాడు.' నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతి ఇవాళ తప్పాడు. ఆ లెన్సే తన మతి పోగొట్టిందని దాన్ని ఇంకో నాలుగు తిట్లు తిట్టి, అద్దాలు మార్చి బిగించి, తిండి వేళకి సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

కెమెరా దుకాణంలో అతనికి పేరుంది. "రండి మూలల మాస్టారూ," అన్నాడు అక్కడి మెకానిక్, నవ్వు ఆపుకుంటూ. "ఇవాళ ఏ మూల?"

"మీకు నవ్వులాటగా ఉంది. మూడు లెన్సులిచ్చారు, మూడూ ఒకే రోగంతో ఇచ్చారు. కుడి మూల చూడండి."

మెకానిక్ లెన్సును తన కెమెరాకి తగిలించాడు. గోడకి గీతల అట్ట ఒకటి శాశ్వతంగా బిగించి ఉంది. లెన్సులో వెలుగు వచ్చే కంతను పూర్తిగా తెరిచి ఫోటో తీసి, పెద్ద తెర మీద పెట్టి, నాలుగు మూలలూ పక్కపక్కన చూపించాడు. నాలుగూ ఒకేలా, పదునుగా ఉన్నాయి. మేస్త్రి ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. ఇంకోసారి తీయమన్నాడు. ఇంకోసారీ అంతే.

"ఇంతకన్నా మంచి లెన్స్ మా దగ్గర లేదండీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వ్యవహారం," అన్నాడు మెకానిక్. "ఇంట్లో దేన్ని పెట్టి తీస్తారు?"

"పేపరు."

"గోడకి అంటిస్తారా?"

"మా అక్క పట్టుకుంటుంది."

"అదీ సంగతి! ఇంతలా తెరిచి తీస్తే పేపరు ఒక అంగుళం ముందుకు వాలినా అక్కడ మసకే. లెన్సునేం అడుగుతారు, మీ అక్కగారినడగండి."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. సంచి తీసుకుని బయటికి వచ్చేశాడు. ఐదు నెలలు! ఐదు నెలలుగా దుకాణాల చుట్టూ తిరిగి మాటలు పడ్డాడు, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. చెబుతూనే ఉన్నాడు, తిన్నగా పట్టుకోమని! ఇంటికెళ్ళి ఏమనాలో నడుస్తూనే కూర్చుకున్నాడు. బస్సుస్టాపు బెంచీ మీద కూర్చుని, ఆమెకి రుజువు చూపించడానికి కెమెరా తీసి పాత ఫోటోలు వెనక్కి తిప్పాడు.

నిన్నటిది, కుడి మూల మసక. పోయిన నెలది, వేరే లెన్సుతో తీసింది, కుడి మూలే, కొంచెం తక్కువ. అంతకు ముందుది ఇంకో లెన్స్, ఇంకా తక్కువ. వెనక్కి వెళ్ళేకొద్దీ మసక సన్నగిల్లి, ఐదు నెలల కిందట అసలే లేదు. మళ్ళీ ముందుకి తిప్పాడు. ఈసారి, ఎందుకో, అక్షరాల మీంచి చూపు జారి అంచు మీదికి వెళ్ళింది. ఎడమ పక్క నాలుగు వేళ్ళూ పేపరును గట్టిగా పట్టుకున్నాయి, గోళ్ళు తెల్లబడేంతగా. కుడి పక్క వేళ్ళు ఒక ఫోటోలో నాలుగు, తర్వాత మూడు. ఇవాళ్టి దానిలో రెండే కాగితానికి ఆని ఉన్నాయి, మిగతా రెండూ విడిగా వేలాడుతున్నాయి.

ఫోటోలో కుడి. ఎదుటి మనిషికి ఎడమ చెయ్యి.

కుట్టు వంకర పోతోందిరా. గుడ్డ నిలవట్లేదు. పేపరు బరువెక్కింది. ఆమె అన్నీ చెప్పింది. అతను అన్నిటికీ అద్దాలు మార్చాడు.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. పక్కింటావిడ నంబరు వెతుకుతుంటే బస్సొచ్చింది. అది తన దుకాణం వైపుది. దాన్ని పోనిచ్చి, రోడ్డు దాటి, ఇంటి వైపు బస్సెక్కాడు. దారంతా అతను దేవుణ్ణో దెయ్యాన్నో ఒకటే అడుగుతున్నాడు, ఒక్క రోజు గడువు కావాలని. రేపు పొద్దున్న ఏడింటికి ఏ లెన్సయినా సరే, పేపరు లేకుండా తీస్తానని.

తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది, తల ఒక పక్కకి ఒరిగింది. పేపరు కాళ్ళ దగ్గర నేల మీద పడి ఉంది. చదువుతూ కునుకు తీసిందనే అనుకోవచ్చు, దూరం నుంచి చూస్తే.

"అక్కా," అన్నాడు. వంగి ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది.

పక్కింటావిడ పిలిస్తే వీధి చివరి డాక్టరు వచ్చాడు. నెమ్మదిగా చూసి, నెమ్మదిగానే చెప్పాడు. "పొద్దున అయిపోయింది, పదకొండు ప్రాంతంలో. మెదడులో నరం చిట్లి ఉంటుంది. బాధపడి ఉండరు. చెయ్యి పట్టు తప్పుతోందని అంతకుముందు ఎప్పుడైనా చెప్పారా?"

"చెప్పింది," అన్నాడు మేస్త్రి. "పేపరు బరువెక్కిందని చెప్పింది."

డాక్టరుకి అర్థం కాలేదు.

సాయంత్రానికి నలుగురూ చేరారు. పక్కింటావిడ దగ్గరికొచ్చి, "అందరికీ కబురు పంపాలి తమ్ముడూ. ఆవిడ ఫోటో మంచిది ఒకటివ్వు. నీ దగ్గర లేకపోవడమేంటి, రోజూ తీస్తూనే ఉంటావుగా!" అంది.

మేస్త్రి బీరువా తెరిచాడు. ఎనిమిది లెన్సులు, వరసగా, మూతలు పెట్టుకుని ఉన్నాయి. కంప్యూటరులో ఆ కుర్చీలో కూర్చున్న అక్కవి వేల ఫోటోలున్నాయి, ప్రతిదానిలోనూ మొహం ఉండాల్సిన చోట ఆ రోజు వార్తలు. మొహం ఉన్నది ఒక్కటే ఉండేది, పదకొండేళ్ళ కిందటిది. కళ్ళు మసకొచ్చాయని దాన్ని ఆ రోజే చెరిపేశాడు. ఇప్పుడా మసక కోసం ఈ ఎనిమిదీ ఇచ్చేస్తాడు, తీసుకునేవాడెవడైనా ఉంటే.

"లేదు," అన్నాడు. పక్కింటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

ఎవరి కాళ్ళ కిందో పడి చిరుగుతుందని, వంగి నేల మీది పేపరు తీశాడు. అది నిజంగానే బరువుగా తగిలింది. తిప్పి చూశాడు. అక్క పట్టుకునే ఎడమ పక్క అంచు పొడవునా, పొద్దున్న ఫోటోలో లేని చెక్క స్కేలు, ఆమె బట్టలు కొలిచేది, ఆనించి ఉంది. అంకెలు అరిగిన ఆ స్కేలుకి పేపరును పైన ఒకటి, కింద ఒకటి, బట్టలారేసే క్లిప్పులతో బిగించి ఉంది. అంచు ఎక్కడా వాలకుండా, గీత గీసినట్టు నిటారుగా ఉంది.