ఒంచి చూసిన సీసా

“ఆ ఎర్ర వెలుగు కంట్లో పడితే చూపు పోతుందేమోనే,” అంది తల్లి, గడప దాటీ దాటకముందే.

కూతురు తల తిప్పలేదు. కాలేజీ ల్యాబు చీకటిగదిలో లేజర్ పక్కన నిలబడి కంప్యూటర్ తెరవైపే చూస్తోంది. లేజర్ ముందు వేలెడంత గాజుసీసా ఉంది. కొత్త చెప్పుల పెట్టెల్లో పొట్లాలుగా వచ్చే, తేమ పీల్చే గింజలు పుట్టకముందు ఇలా నీళ్ళలాగే ఉంటాయట. ఆ నీళ్ళలో కంటికానని రేణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయట. అల్లిక పెరిగేకొద్దీ వెలుగు తగిలి చెదురుతుంది, ఎంత చెదిరిందో తెర మీది గీత చెబుతుంది. అల్లిక ముగిసేదాకా సీసా కదలకూడదు.

ఇదంతా కూతురు చెప్పిందే, ఇంట్లో ఇంకా మాటలున్న రోజుల్లో. తండ్రి పోయాక, నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు అయిపోయింది ఆ పిల్ల. ఒకే ఇంట్లో ఇద్దరూ చెరో గదికి కాపలా. అందుకే తల్లి అన్నం క్యారియర్ వంక పెట్టుకుని ఇక్కడికి వస్తోంది. ఇక్కడైనా ఒక మాట దొరుకుతుందేమోనని.

దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, కూతురు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

తల్లి బుద్ధిగానే కూర్చుంది. మనసే కూర్చోలేదు. నిన్నటి సీసా పాడైందని పిల్ల ఫోనులో ఎవరితోనో అనడం విన్నది. ఇదీ పోతే చదువాగుతుంది, చదువాగితే మంచం పడుతుంది, ఆ తర్వాత... “నీ భయాన్ని చూస్తే దయ్యమే దారి మార్చుకుంటుంది” అని భర్త వెక్కిరించేవాడు.

పెరుగు తోడుకుందో లేదో గిన్నె ఒంచి చూడటం ఆమె చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. సీసా తీసి రవ్వంత ఒంచింది. లోపలిది వణికి, మధ్యకు చీలింది. తెర మీద గీత కుప్పకూలింది.

కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది.

“గట్టిపడిందో లేదోనని నేనే ఒంచాను,” అంది తల్లి.

పిల్ల వచ్చి సీసా అందుకుంది, చీలికను చూసింది, కూర్చుంది. అంతే. ఏదో యంత్రం సన్నగా గుయ్యిమంటోంది. తిట్టినా బాగుండును. అడిగింది కూడా, తిట్టవే అని. పిల్ల సీసానే తిప్పి చూస్తోంది. క్యారియర్ బల్ల మీదే వదిలేసి తల్లి లేచింది. ఇక ఈ గది కూడా తనకు మూసుకుపోయినట్టే. చెయ్యి తలుపు గడియ మీద పడింది.

“నేరుగా చూడకపోతే కళ్ళకేం కాదమ్మా,” అంది వెనకనుంచి కూతురు. కుర్చీ జరిపి, “కూర్చో. మళ్ళీ కలుపుతాను. ఒంచకుండా ఎలా తెలుసుకోవాలో చూద్దువుగాని.”